కాసు ఖర్చులేని కోలారుసీమ దర్శనము

దేశాటనమువలన బుద్ధి వికసించునని పెద్దలు చెప్పుదురు. కాని నేటి గృహస్థునకు యాత్ర యనగానే మొదట స్ఫురించునది ఖర్చు. బండి టిక్కెట్లు, వసతిగృహపు అద్దె, పోయిన ప్రతిచోటను ప్రవేశరుసుము, పిల్లల ఫలాహారములు, ఇన్నియు లెక్కవేసి ‘వచ్చే యేడు చూతములే’ అని మానుకొను కుటుంబములు మన సంఘములో ఎన్నియో కలవు. అట్టివారు తమ వాకిటనే వేయి యేండ్లకు పైబడిన చరిత్ర తలుపులు తెరచుకొని యున్నదన్న సంగతిని మరచుచున్నారు.

కోలారు పేరు వినగానే లోకమునకు బంగారము జ్ఞప్తికి వచ్చును. ఆ బంగారము సామాన్యునకు ఏనాడును అందలేదు. జన్మమంతయు గనిలో పనిచేసిన కూలివానికైనను అది తనది కాలేదు. కాని ఆ గనులు పుట్టకముందే యీ సీమలో వెలసిన గుళ్ళు, చెరువులు, బుగ్గలు, శిలాశాసనములు, సంతలు, జాతరలు అందరివియునై యున్నవి. వానిని ఒక వరుసలో పరిచయము చేయుటయు, అవి మనకు ఉచితముగా ఎట్లు సంక్రమించెనో విచారించుటయు ఈ వ్యాసమున మా ఉద్దేశము.

క్యాసంబళ్ళి మొదలుగా

యాత్రను క్యాసంబళ్ళినుండి మొదలుపెట్టుట న్యాయము. బంగారుగనుల తాలూకాలో హోబళి కేంద్రమైన ఈ గ్రామమునకు ఆంధ్రదేశపు ఎల్ల ఎంతో దూరము లేదు. ఈ ప్రాంతమున పెరుగు బిడ్డ ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము, గనుల బజారులో తమిళము, సంతలో ఉర్దూ విని నేర్చును. ఏ భాషయు వానికి పరాయిది కాదు. ఈ నాలుగు భాషల వినికిడియే ఈ సీమలో మొదటి వింత. దానికి టిక్కెట్టు లేదు, చెవులుంటే చాలును.

ఈ చిన్న గ్రామమే మైసూరు రాజ్యమునకు తొలి ముఖ్యమంత్రిని ఇచ్చినది. క్యాసంబళ్ళి చెంగలరాయ రెడ్డిగారు 1902వ సంవత్సరము మే 4వ తేదీన జన్మించిరి. లోకమునకు కె.సి. రెడ్డిగా పరిచితులైన వీరి పేరులోని మొదటి అక్షరము ఈ ఊరిదే. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మైసూరులో ప్రజాప్రభుత్వము కొరకు 1947లో సాగిన ‘మైసూరు చలో’ ఉద్యమమునకు వీరు నాయకులు. ఆ యేడు అక్టోబరు 25న ముఖ్యమంత్రి పదవి స్వీకరించి 1952 వరకు నిర్వహించిరి. తరువాత కేంద్రమంత్రిగను, మధ్యప్రదేశ్ గవర్నరుగను పనిచేసి 1976లో దివంగతులైరి. తెలుగు పలుకు ఇంటింట వినవచ్చు పల్లెనుండి కన్నడ రాజ్యమునకు తొలి ముఖ్యమంత్రి వచ్చుట యాదృచ్ఛికము కాదు. భాషలు కలిసి మెలిసి బ్రదుకు సీమలో నాయకుడు అందరివాడుగా పెరుగును. మన పిల్లలకు ఈ గ్రామపు వీధి చూపి ఈ కథ చెప్పుటకు ఖర్చేమున్నది?

కోలారు పట్టణము

ఇచ్చటినుండి జిల్లాకేంద్రమైన కోలారునకు పోవుదము. దీని పాతపేరు కువళాలము. క్రీస్తుశకము నాలుగవ శతాబ్దిలో కొంగణివర్మ స్థాపించిన పశ్చిమ గంగవంశమునకు ఇది తొలి రాజధాని. తరువాత గంగులు కావేరీతీరమున తలకాడునకు తరలిపోయిరి. అయినను వారు తమ బిరుదావళిలో ‘కువళాలపురవరేశ్వర’ అను పేరును శతాబ్దుల తరబడి విడువలేదు. ఊరు విడిచినను ఊరిపేరు విడువని ఆ అభిమానము, పొట్టకూటికై ఊళ్ళు మారిన మన కుటుంబములకు తెలియనిది కాదు.

పట్టణమున మొదట చూడవలసినది కోలారమ్మ గుడి. పదకొండవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఈ సీమ చోళుల వశమైనది. అంతకుముందు ఇటుకలతో నుండిన అమ్మవారి గుడిని రాజేంద్రచోళుని కాలమున రాతితో కట్టించిరని అచ్చటి తమిళశాసనము తెలుపుచున్నది. ఆ శాసనములలో అమ్మవారి పేరు ‘పిడారి’. గోడలపై వరుసలు వరుసలుగా చెక్కిన ఆ తమిళాక్షరములను చూచి, ‘ఇది కర్ణాటకము కదా, ఇక్కడ తమిళమేల?’ అని పిల్లలు తప్పక అడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటయే చరిత్ర పాఠము. రాజులు మారిరి, రాతభాష మారినది, పూజ మాత్రము మారలేదు.

ఇదే ఆవరణలో చేళమ్మ కొలువున్నది. కన్నడమున ‘చేళు’ అనగా మన తేలు. ఈమెకు మ్రొక్కినవారికి తేలుకాటు భయము లేదని ఈ ప్రాంతపు ప్రజల విశ్వాసము. మ్రొక్కుబడి కాసులు వేయుటకు నేలలోనే ఒక గుంట కలదు. తరతరములుగా అందులో కాసులు వేయుచునే యున్నారనియు, దానిని త్రవ్వి తీసినవారు లేరనియు జనవాక్యము. ఆ నమ్మకము నిజమైనను కాకున్నను, బంగారము కొరకు మైళ్ళకొలది నేలను త్రవ్విన సీమలోనే, నేలలో వేసిన కాసును ముట్టరాదను నియమము నిలిచియుండుట గమనింపదగినది.

కోలారమ్మ గుడికి సమీపముననే సోమేశ్వరాలయము కలదు. ఇది విజయనగర కాలపు నిర్మాణము, పదునాలుగవ శతాబ్దికి చెందినది. ఎత్తయిన గోపురము, విశాలమైన ప్రాకారము, నైరుతిమూలనున్న కళ్యాణమంటపము చూపరులను నిలుపును. ఆ మంటపపు స్తంభములపై శిల్పి చూపిన ఓర్పు వర్ణనకు అందదు. తొందరపడి ప్రదక్షిణము చేసి వచ్చువారికి అది కనబడదు. ఒక్క స్తంభము ముందు కాలుగంట కూర్చుండవలెను. ఈ రెండు ఆలయములును కేంద్ర పురావస్తుశాఖ సంరక్షణలో నున్నవి. పూజలు జరుగుచున్న గుళ్ళు గనుక దర్శనమునకు టిక్కెట్టు లేదు. మధ్యాహ్నము తలుపులు మూయుదురు గనుక ఉదయమే పోవుట మేలు.

ఊరిలోనే హైదరాలీ తండ్రియైన ఫతే మహమ్మదు సమాధి కలదు. దీనిని మక్బరా యందురు. సిరా నవాబు కొలువులో ఫౌజుదారుగా పనిచేసి యుద్ధమున మరణించిన ఈతనికి బూదికోట జాగీరుగా నుండెను. హైదరు జన్మించినది ఆ బూదికోటలోనే. చిన్ననాట తండ్రిని పోగొట్టుకొన్న ఆ బాలుడు తరువాత మైసూరునకు అధిపతియై ఇంగ్లీషువారిని గడగడలాడించెను. అమ్మవారి గుడి, శివాలయము, మక్బరా, మూడును ఒక్క ఉదయమున నడచి చూడదగినంత దూరములో నుండుట కోలారునకు అలంకారము.

అంతరగంగ

పట్టణమునకు పడమటనున్న కొండలకు శతశృంగమని పేరు. మెట్లెక్కి కొంతదూరము పోగా రాతి నందినోటినుండి నీటిధార పడుచుండును. ఇది అంతరగంగ. ఏడాది పొడవున పారు ఈ బుగ్గకు ఎండకాలమునను విరామము లేదని ప్రసిద్ధి. ప్రక్కనే కాశీవిశ్వేశ్వరుని గుడి కలదు. కోనేటి మెట్లపై కోతులు కాపలా యుండును గనుక చేతిసంచులు జాగ్రత్త! ఇంకను పైకి పోగా బండరాళ్ళ నడుమ గుహలు, ఆపైన కొండమీదనే తేరహళ్ళి మొదలైన పల్లెలు కలవు. కొండనెత్తిన పొలము దున్నుకొని బ్రదుకు రైతులను చూచినపుడు, పట్టణమున పుట్టి పెరిగిన మన పిల్లలకు అన్నము విలువ తెలియును.

కొండపైనుండి క్రిందికి చూచిన చెరువులు వరుసగా అద్దపుబిళ్ళలవలె అగపడును. వానలు కురిసిన యేడు మాత్రమే ఆ దృశ్యము. కురియనియేడు అవియే ఎండిన పళ్ళెములు. ఆ చెరువుల కథ ముందు చెప్పుదుము.

ఆవని, ముళబాగిలు, కురుడుమలె

తూర్పుగా పోయినచో ఆవని వచ్చును. వాల్మీకి ఆశ్రమము ఇచ్చటనే యుండెననియు, సీతమ్మ కుశలవులను ఈ కొండపైననే కన్నదనియు స్థలపురాణము. కొండపై సీతమ్మకు గుడి యున్నది. క్రింద ఒకే ఆవరణలో రాముడు, లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు అను నలుగురి పేర శివలింగములు నెలకొన్న ఆలయములు కలవు. ఇవి పదవ శతాబ్దిలో నొళంబరాజుల కాలమున వర్ధిల్లినవి. అన్నదమ్ములు నలుగురును ఒకే ప్రాకారములో కాపురముండు ఈ క్షేత్రమును ఉమ్మడికుటుంబములు విడిపోవు ఈ దినములలో చూచుట మంచిది.

ఆవనిలోని ఒక శాసనము ప్రత్యేకముగా చెప్పదగినది. పదవ శతాబ్దిలో ఇచ్చట త్రిభువనకర్తారదేవుడను తపస్వి యుండెను. ఆయన నలుబది యేండ్లు ఈ స్థానమును పాలించి, ఏబది గుళ్ళను, రెండు పెద్ద చెరువులను కట్టించెనని ఆ శాసనము చెప్పుచున్నది. సన్న్యాసికి స్వంతమేమున్నది? కౌపీనధారియైన ఆ వ్యక్తి గుళ్ళతోపాటు చెరువులను కూడ కట్టించినాడన్నది మనము గుర్తుంచుకొనవలెను. దేవునికి గుడి ఎంత అవసరమో, పల్లెకు చెరువు అంత అవసరమని ఆనాటివారు ఎరిగియుండిరి. మహాశివరాత్రినాడు ఇచ్చట జరుగు పశువుల జాతరకు ఇరుగుపొరుగు రాష్ట్రములనుండియు రైతులు వత్తురు. కొమ్ములకు రంగులు పూసి, మెడలకు గంటలు కట్టి, జతలు జతలుగా నిలిపిన ఎడ్లను చూచుటకు ఒక పూట చాలదు. బేరము చేయువారు తుండుగుడ్డ క్రింద వ్రేళ్ళు పట్టి ధర చెప్పుకొను రీతిని చూచుటయే ఒక వినోదము.

ముళబాగిలు అనగా తూర్పు వాకిలి అని అర్థము చెప్పుదురు. విజయనగర రాజకుమారుడు కంపరాయలు ఇచ్చటనుండియే పాలించి, దక్షిణమునకు దండెత్తి మధురను జయించెను. ఆతని రాణి గంగాదేవి ఆ విజయమును సంస్కృతకావ్యముగా రచించినది. అదియే ‘మధురావిజయము’. ఆ కావ్యారంభమున ఆమె పూర్వకవులను స్తుతించుచు మన తిక్కన పేరును కూడ తలచినది. కన్నడసీమ నేలిన రాజు, తమిళదేశమున యుద్ధము, సంస్కృతమున కావ్యము, అందులో తెలుగుకవికి నమస్కారము! ఈ సీమ స్వభావమును తెలుపుటకు ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు.

ముళబాగిలులో ఆంజనేయస్వామి గుడియు, ఊరికి చేరువనున్న నరసింహతీర్థమున శ్రీపాదరాజులవారి బృందావనమును దర్శనీయములు. పదునైదవ శతాబ్దికి చెందిన ఈ మాధ్వయతి కన్నడమున కీర్తనలు వ్రాసి హరిదాసుల సంప్రదాయమునకు బాటవేసిన మహనీయుడు. బాబా హైదరు దర్గాకు అన్ని మతములవారును పోవుదురు. కన్నడసాహిత్యమున పేరుగాంచిన డి.వి. గుండప్పగారు 1887లో ఈ ఊరనే జన్మించిరి. ఇచ్చటికి చేరువనున్న కురుడుమలెలో ఒకే రాతిని మలచిన వినాయకుని విగ్రహము కలదు. పదుమూడు అడుగులకు మించిన ఆ మూర్తి ముందు నిలిచిన పెద్దవాడును చిన్నవాడగును. ఊరిలోనే చోళకాలపు సోమేశ్వరాలయము కూడ చూడదగినది.

ఇక ముళబాగిలు దోసె మాత్రము ఉచితము కాదు. దానికి కొంగున నాలుగు రూపాయలు ముడివేసికొని పోవలెను. బంగారుపేట పానీపూరీకిని అంతే.

చెరువులు

కోలారుసీమలో జీవనదులు లేవు. నందికొండలలో పుట్టిన పాలారు ఈ జిల్లానుండి కుప్పము ప్రాంతముమీదుగా తమిళదేశమునకు పోవును గాని, ఏడాది పొడవున పారదు. కావున మన పూర్వులు వాననీటినే నమ్మిరి. పల్లెపల్లెకు చెరువు త్రవ్వి, పైచెరువు కలుజు పారిన నీరు క్రిందిచెరువునకు చేరునట్లు గొలుసుకట్టుగా నిర్మించిరి. జిల్లాలో ఇట్టివి వేలసంఖ్యలో నుండెను.

బేతమంగళము చెరువు చరిత్రను చూడుడు. ఈ ఊరి పాతపేరు విజయాదిత్యమంగళము. బాణరాజగు విజయాదిత్యుని పేర ఏర్పడినది. పదవ శతాబ్దిలో చెరువుకట్ట తెగగా నొళంబరాజు బాగుచేయించెను. పండ్రెండవ శతాబ్దిలో మరల చెడగా హొయ్సళుల సేనాని ఒకడు ఉద్ధరించెను. తరువాత బంగారుగనులు వెలసినపుడు గనులకు, వాని చుట్టు పెరిగిన పట్టణమునకు త్రాగునీరు ఈ చెరువునుండియే పోయెను. బాణులు పోయిరి, నొళంబులు పోయిరి, హొయ్సళులు పోయిరి, కంపెనీ దొరలును పోయిరి. కట్ట తెగిన ప్రతిసారియు ఎవరో ఒకరు పూని కట్టించుటచేతనే చెరువు మిగిలినది.

చెరువు కట్టించుట రాజుల పని, కాని దానిని కాపాడినది ఊరివారు. తూము తెరచి ఎవరి మడికి ఎంత నీరు పోవలెనో చూచుటకు నీరుగంటి యుండెడివాడు. ఆతనికి జీతము ధాన్యరూపమున పంటకల్లమునందే ముట్టెడిది. ఏటేట ఊరంతయు కలిసి పూడికమట్టి తీసి పొలములకు తోలుకొనెడివారు. గొట్టపుబావులు వచ్చినపిదప ఈ కట్టుబాటు సడలినది. ఎవరి పొలమున వారు బోరు వేసికొనిరి. వందలడుగులు దాటి, వేయి అడుగులు దాటి పోయినను అనేకచోట్ల నీరు పడలేదు. చెరువునీరు ఊరందరిది. బోరునీరు డబ్బుగలవానిది. 2018నుండి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కె.సి. వ్యాలీ పథకముద్వారా ఈ జిల్లా చెరువులకు పంపుచున్నారు. ఎండిన కొన్ని చెరువులలో నీరు నిలిచినది. ఆ నీటిని ఇంకను శుద్ధిచేయవలెనన్న వాదమును సాగుచున్నది. ఏదియేమైనను, చెరువుగట్టుపై ఒక సాయంకాలము కూర్చుండి, పశువులు నీరు త్రాగి ఇల్లుచేరు వేళను చూచుట ఇప్పటికిని ఉచితమే.

బంగారుగనులు

ఇప్పుడు వెలగల వస్తువు కడకు వచ్చితిమి. 1802లో లెఫ్టినెంటు జాన్ వారెన్ అను సర్వే అధికారి ఈ ప్రాంతమునకు వచ్చి, పల్లెప్రజలు మట్టిని కడిగి బంగారపు రజను తీయుటను చూచెను. 1870 తరువాత మైకేల్ లావెల్ త్రవ్వకములకు అనుమతి పొందెను. 1880లో జాన్ టేలర్ కంపెనీ ప్రవేశించిన పిదప గనులు పెంపొందెను. 1894లో బంగారుపేట నుండి మారికుప్పమునకు రైలుమార్గము వచ్చినది. 1902లో కావేరిపై శివసముద్రమువద్ద పుట్టిన విద్యుచ్ఛక్తి 92 మైళ్ళు తీగలమీద నడచి గనులకు చేరెను. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. అనగా రాజధానికంటె ముందు గనులకు వెలుగు వచ్చినదన్నమాట.

కాని ఆ వెలుగు అందరిది కాదు. దొరల బంగళాలు వేరు, కూలివారి లైన్లు వేరు. ఆర్కాటు జిల్లాలనుండియు, చిత్తూరు ప్రాంతమునుండియు వచ్చిన తమిళ, తెలుగు శ్రామికులు తడికెల ఇండ్లలో కాపురముండిరి. గనినుండి వెలువడునపుడు ఒళ్ళు తడవి చూచెడివారు. 1930లో కంపెనీవారు కూలివారి వ్రేలిముద్రలు తీసికొనబోగా శ్రామికులందరును పని మానివేసి ఎదిరించిరి. దొంగలవలె మమ్ము చూడరాదన్నదే వారి వాదము. మూడు కిలోమీటర్లకు మించిన లోతున, బండరాయి పగిలి మీదపడు భయమున, దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడగొట్టుకొని వారు తీసిన బంగారము సుమారు 800 టన్నులు.

1956లో గనులను మైసూరు ప్రభుత్వము తీసికొన్నది. తరువాత అవి కేంద్రప్రభుత్వపు అధీనమున పోయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థగా ఏర్పడెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. నేడు గనుల లోనికి ఎవరును పోరాదు, పోవలదు కూడ. కాని రైలులో మారికుప్పము వరకు పోయి, ఊరిగాం, ఛాంపియన్ రీఫ్, రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట వీధులు నడచి చూచిన, నూరేండ్ల శ్రమ ఎట్టి ఊరిని కట్టినదో, ఆ శ్రమ ఆగిన పిమ్మట ఊరు ఎట్లు నిలిచినదో తెలియును. బంగారము తీసివేయగా మిగిలిన సయనైడు దిబ్బలు కొండలవలె ఊరినడుమ నిలిచియున్నవి. వానిని దూరమునుండి చూచుటయే క్షేమము. ప్రతి ఉదయము ఈ ఊరివారు వేలకొలది రైలెక్కి బెంగుళూరునకు పనికి పోయి రాత్రికి తిరిగివత్తురు. ఒకనాడు లోకము పనికై ఇచ్చటికి వచ్చెడిది.

ఈ గనుల చరిత్రలో పిల్లలు తెలిసికొనదగిన సంగతి మరియొకటి యున్నది. 1965లో ఛాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైబడిన లోతున భారతీయ, జపాను, ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు కలిసి, ఆకాశమునందలి విశ్వకిరణములవలన పుట్టు న్యూట్రినోలను తొలిసారిగా పసిగట్టిరి. గనులకు సమీపముననే పెద్దపల్లి యను గ్రామమువద్ద నున్న ప్రాచీన లావాశిలలను భూగర్భశాఖవారు జాతీయ భూవిజ్ఞాన స్మారకముగా గుర్తించిరి. సుమారు 270 కోట్ల సంవత్సరముల క్రిందట నీటిలో పొంగి గడ్డకట్టిన లావా అది. తెలుగుపేరుగల ఒక పల్లెపొలములో ఇంతటి పురాతన వస్తువు ఆరుబయట పడియున్నదని మనలో ఎందరెరుగుదురు?

జనజీవనము

గుళ్ళు, గనులు చూచుటతో యాత్ర ముగియదు. జనమును చూడవలెను. కోలారు టమాటో మండికి తెల్లవారుజామున పోయినచో, పెట్టెలు పెట్టెలుగా పేర్చిన పండ్లు, వేలము పాడు కేకలు, దూరరాష్ట్రములనుండి వచ్చిన లారీలు కన్నులపండువు చేయును. ధర పడిపోయిననాడు రైతు ముఖము కూడ చూడుడు. శ్రీనివాసపురమున వేసవిలో మామిడిపండ్ల సంబరము. శ్రీరామనవమినాడు ఏ వీధికి పోయినను పందిళ్ళలో పానకము, మజ్జిగ, వడపప్పు పిలిచి చేతిలో పెట్టుదురు. నీ కులమేమి, భాషయేమి అని అడుగువారు లేరు.

2007వరకు కోలారు జిల్లాలోనే యుండి ఇప్పుడు చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరిన కైవారమును కూడ ఈ సందర్భమున తలచుకొనవలెను. కైవార తాతయ్యగా ప్రజలు కొలుచు యోగి నారేయణులు 1726లో జన్మించి, తెలుగునను కన్నడమునను తత్త్వములు పాడిరి. ఆయన కాలజ్ఞానము తెలుగున నున్నది. గాజులమ్ముకొని బ్రదికిన ఆ మహనీయుని మఠమున నేటికిని వచ్చినవారందరికిని అన్నము పెట్టుచున్నారు.

వెల ఎవరు చెల్లించిరి?

ఇన్ని వింతలు మనకు ఉచితముగా లభించుచున్నవి. అట్లు లభించుటకు కారణమేమి? బి.ఎల్. రైస్ దొరవారు ఈ జిల్లా శాసనములను సేకరించి 1905లో ఒక సంపుటముగా ప్రకటించిరి. వేయికి మించిన ఆ శాసనములు కన్నడమున, తమిళమున, తెలుగున కలవు. వానిలో అనేకములు ఒక్క విషయమునే చెప్పును: ఫలానావారు ఫలానా గుడికి దీపము కొరకు, ఫలానా చెరువు మరమ్మతు కొరకు ఇంత భూమి ఇచ్చిరి. ఊరి పశువులను దొంగలనుండి విడిపింపబోయి ప్రాణము విడిచినవారి వీరగల్లులు పొలిమేరలలో నిలిచియున్నవి. వెల చెల్లింపబడకుండ ఏదియు ఉచితము కాలేదు. మనకంటె ముందు పుట్టినవారు భూమి రూపమున, ధాన్యము రూపమున, శ్రమ రూపమున, ఒక్కొకచో ప్రాణము రూపమున దానిని చెల్లించిరి. వారిలో పేరు చెక్కించుకొన్నవారు కొందరు. రాయి మోసిన కూలివారి పేర్లు ఏ శాసనములోను లేవు. తాము కట్టిన గుళ్ళలోనికే వారి సంతతివారిలో చాలమందికి చిరకాలము ప్రవేశము లేకుండెను. ‘అందరివి’ అని మనము నేడు చెప్పుకొనుచున్నామన్న, దానికొరకు పోరాడినవారికిని మనము ఋణపడియున్నాము.

ఈ ఋణము తీర్చుటకు పెద్ద ధనము అక్కరలేదు. 1956లో భాషననుసరించి రాష్ట్రములు ఏర్పడినపుడు కోలారు మైసూరులోనే నిలిచినది. మనము ఇచ్చట అల్పసంఖ్యాకులమని కొందరు దిగులుపడుదురు. ఈ సీమ రాళ్ళను చదివినవానికి ఆ దిగులు ఉండదు. ఇచ్చట ఏ భాషయు ఒంటరిగా బ్రదుకలేదు, ఏ భాషవారును అతిథులు కారు. అయితే ఇంటివారమని చెప్పుకొనువారికి ఇల్లు ఊడ్చు బాధ్యత కూడ కలదు. మన ఊరి చెరువుగట్టున ముండ్లకంపలు పెరిగినచో, వీరగల్లును బట్టలుతుకు బండగా వాడుచున్నచో, శాసనముపై సున్నము పూసినచో, అది మన కంటబడవలెను. పంచాయతీవారికిని, పురావస్తుశాఖవారికిని ఒక ఉత్తరము వ్రాయుటకు తపాలా ఖర్చు తప్ప వేరు ఖర్చు లేదు.

కావున మన సంఘ సభ్యులకు ఒక్క మనవి. నెలకొక ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని, చద్దిమూట కట్టుకొని, ఈ చెప్పిన చోట్లలో ఒక్కదానికి పోవుడు. రాతిపై వ్రాతను చేతితో రుద్దవలదు, రంగు పూయవలదు, కన్నులతో చూచిన చాలును. ఆ ఊరి పెద్దను పలుకరించి, చెరువుపేరు, తూముపేరు, పొలముపేరు అడిగి వ్రాసికొనుడు. ఈ పేర్లలో చాలవరకు తెలుగే వినబడును. అవి తెలిసినవారు ముదుసలులైరి. వారు పోయినపిదప ఎంత ధనము పోసినను ఆ పేర్లు దొరకవు. ఇప్పుడు మాత్రము అడిగినవారికి వారు అరుగుపై కూర్చుండబెట్టి, మజ్జిగ ఇచ్చి మరీ చెప్పుదురు.